చెనక్కాయ చెట్టులో మా నాయన గళ్ళు

మా చిన్నప్పుడు... ధర్మవరంలో మా ముందు గదంతా మగ్గమే. పక్కనే రాట్నం పెట్టుకుని అమ్మ కండెలు చుట్టేది. ఆమె లేచి వంటింట్లోకి పోగానే ఆ రాట్నం నాది...

కాగితాన్ని సన్నటి పీలికలుగా కోసి, కొసను కదురుకు తగిలించి ఒక్క తిప్పు తిప్పితే చాలు, చక్కగా చుట్టుకునేది. ఆ చుట్టను వేళ్లతో నొక్కితే ఆకు. రెండు చుట్టలు కలిపి నొక్కితే చెనక్కాయ, అదే వేరుశనక్కాయ. దీన్ని క్విల్లింగ్ అంటారని అప్పుడు ఎవరికి తెలుసు!

ఐదో తరగతిలో ఎగ్జిబిషన్ పెట్టారు. కాగితంతో ఏదో ఒక చెట్టు చేసి తెమ్మన్నారు. అందరూ గులాబీలు చేశారు. నేను చెనక్కాయ చెట్టు చేశాను. ఆ ఏడు వాన మొహం చాటేసింది. తనకల్లు దగ్గర మా అవ్వ చేన్లో చెట్లు జానెడు లేచి ఎండిపోయాయి. పీకితే అన్నీ తాలు కాయలే. అవ్వ ఆ చెట్టు చేతిలో పట్టుకుని గట్టు మీద చాలాసేపు కూర్చుంది. అందుకే అట్ట మీద అంటించిన నా చెట్టుకు రెమ్మకు నాలుగేసి ఆకులు, కింద వేర్ల నిండా కాయలు పెట్టాను. వారం రోజులు పట్టింది.

తీసుకుపోయి మా క్రాఫ్ట్ టీచర్ చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవురు చేసిచ్చినారే నీకు?" అంది. నేనే మేడం అన్నాను. "సరే, ఆడ పెట్టి పో" అంది.

ఎగ్జిబిషన్ రోజు పొద్దున పోయి చూస్తే నా చెట్టు ముందు వరసలో ఉంది. కింద చీటీ మీద మాత్రం లలిత పేరు... లలిత టీచర్ కూతురు, మా క్లాసే. పదకొండు గంటలకంతా ఫస్టు ప్రైజని స్టీలు టిఫిన్ డబ్బా కూడా ఇచ్చేశారు.

"మేడం, అది నాది" అన్నాను.

"నీదని యాడన్నా రాసుందా?" అంది.

ఏడ్చుకుంటూ ఇంటికొస్తే ఇంట్లో ఇంకో గొడవ. నాయన గ్రాఫ్ కాగితం కనబడటం లేదు. చీర అంచుకు కొత్త మామిడిపిందె గీసుకున్న కాగితం అది. అందులో ఎర్ర పెన్సిలుతో నింపిన గళ్ళు చూసే మగ్గానికి కట్టే అట్టలకు చిల్లులు కొడతారు. పాత గ్రాఫుల కట్ట మీద పెట్టి ఉంటే, అదీ పనికిరానిదే అనుకుని కోసేశాను...

"పాపా, నా గ్రాఫ్ చూసినావా?"

"చెట్టులో ఉండాది నాయనా..." అని మొత్తం చెప్పేశాను. వీపు విమానం మోత మోగుతుందనుకున్నా. ఆయన తువ్వాలు భుజానేసుకుని "పా" అన్నాడు.

నేరుగా స్కూలుకు పోయి నా చెట్టున్న బల్ల ముందు నిలబడ్డాడు. "అమ్మా, ఈ చెట్టు ఎవురిది?"

"మా పాపది. ఫస్టు ప్రైజు గూడా వచ్చినాది" అంది టీచర్, నా వైపు చూడకుండా.

"అట్లనా... అయితే మా మామిడిపిందె దీంట్లోకి ఎట్ల వచ్చినాదో మీ పాపనే చెప్పమనండి" అని ఒక ఆకు గిల్లి, కొస ఊడదీసి, విప్పాడు. ఎర్ర గళ్ళు. ఇంకో ఆకు. మళ్లీ ఎర్ర గళ్ళు. పీలిక పక్కన పీలిక బల్ల మీద పేర్చుకుంటూ పోయాడు. జనం మూగారు. హెడ్మాస్టర్ వచ్చి "ఏమప్పా ఇది?" అన్నాడు. అప్పటికి సగం మామిడిపిందె తేలింది.

"అంచు సార్. రేపు అట్టలు కొట్టల్ల" అన్నాడు నాయన, తలెత్తకుండానే.

వారం రోజుల కష్టం నా కళ్ల ముందే ఆకు ఆకుగా పోతోంది. నిజానికి ఏడుపు రావాలి. టీచర్ మొహం చూశాను. నెత్తురు చుక్క లేదు. నాకెంత సంతోషం వేసిందో ఇప్పటికీ దాచను. "కాయలు గూడా విప్పు నాయనా" అన్నాను గట్టిగా.

చివరికి అక్కడ ఉత్త అట్ట మిగిలింది. లలిత పేరున్న చీటీ ఎవరో తీసేశారు. నా పేరు మాత్రం ఎవరూ రాయలేదు. ఆ డబ్బా కూడా వెనక్కి రాలేదు.

పీలికలన్నీ ఇంకో అట్ట మీద అంటిస్తే ఒక్క వరస తక్కువైంది. ఒక కాయ ఎక్కడో పోయింది. ఆ వరస నాయన జ్ఞాపకం మీద వేరే కాగితంలో గీసుకుని చీర నేశాడు. అట్ట మీద ఆ సందు అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు మగ్గం లేదు... నాయనా లేడు. డిజైన్లు కంప్యూటర్లో గీస్తున్నారు. ఆదివారాలు మా వీధి పిల్లలతో కాగితం చెట్లు చేయిస్తుంటాను. పీలికలు ప్యాకెట్లో రంగురంగులుగా కోసే వస్తాయి. చుట్టే ముందు ఒక్కో పీలిక మీద పేరు రాయిస్తాను. "ఎందుకు ఆంటీ, లోపల ఎవరికీ కనపడదు కదా" అని నవ్వుతారు. నవ్వనీ.

మొన్న మా స్కూలు గ్రూపులో లలిత ఫోటో పెట్టింది. పిల్లలతో చేసిన కాగితం చెనక్కాయ చెట్టు. "ఐదో తరగతిలో దీనికే నాకు ఫస్టు ప్రైజు! అప్పటి కాయ ఒకటి ఇంకా దాచుకున్నా" అని రాసింది. కాయలు కొమ్మలకు వేలాడదీసింది మహాతల్లి... భూమిలో కాస్తాయని కూడా తెలియదు. వాటి పక్కనే, రంగు పోయి, ఆ పాత కాయ.

నూట పది లైకులు. నేను కొట్టలేదు. పీలికలు అంటించిన మా నాయన అట్ట ఫోటో ఈ పోస్టు కింద పెడుతున్నాను, సందుతో సహా.

మీ చేత్తో చేసినదాని మీద ఎప్పుడైనా ఇంకొకరి పేరు పడిందా? కింద రాయండి... అందరివీ చదువుతాను.

లలితా, నువ్వూ రాయి. కాకపోతే ముందు ఆ కాయ విప్పు... ఎవరిదో లోపల రాసే ఉంటుంది.