వైశాలి లెక్క ఏ భాషది

2022. సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైన ఏడాది. నేను బోధన్ వైపు బడులు తిరిగే స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. చదువులో బాగా వెనకబడ్డ పిల్లలను బొమ్మలతో, ప్రశ్నలతో పరీక్షించి, బుద్ధి ఎదుగుదలలో లోపముందేమో చూస్తాను. దీన్ని స్క్రీనింగ్ అంటాం.

చెరుకు కోతల కాలం. ఒక ఊరి బడిలో రెండో తరగతి సారు వైశాలి అనే పిల్లను నా ముందు కూర్చోబెట్టిండు.

"బడి తెరిచినకాడినుంచి నోరు తెరవది మేడం. బుద్ధి తక్కువేమో సూడుండ్రి."

రిజిస్టర్‌లో మాతృభాష తెలుగు అని ఉంది. ఆవు బొమ్మ చూపి ఇదేమిటని అడిగాను. తల దించుకుంది. పది బొమ్మలకూ అంతే. మేధో వైకల్యం అనుమానం అని రాసి, డాక్టర్ల క్యాంపుకు పంపాలని టిక్కు పెట్టాను. ఆ జాబితాకెక్కిన పిల్లకు అక్షరాలు నేర్పేవాళ్లు తక్కువ. తెలిసే పెట్టాను.

సంతకం కోసం తల్లిని పిలిపించాం. చెరుకు కొడుతున్నదల్లా కొడవలితోనే వచ్చింది. విషయం విని కూతురివైపు చూసి, "ఘరీ లయీ బోల్తే హీ" అంది. ఇంట్లో తెగ మాట్లాడుతుందట.

మరాఠీ! మహారాష్ట్ర సరిహద్దు సంతల్లో విని నేర్చిన మరాఠీ నాకూ కొంత వచ్చు. ఇంట్లో ఏ భాష అని అడగాలని తోచనే లేదు. మళ్లీ ఆవు బొమ్మ తీశాను. "గాయ్" అంది వెంటనే. పూసలు పోసి లెక్కపెట్టమన్నాను. ఒక్కోటి జరుపుతూ, "ఏక్, దోన్, త్రీ, నాలుగు, ఫైవ్" అంది. పూసలు అయిదే. లెక్క సరిగ్గా ఉంది. కానీ నా షీటులో భాషకు ఒక్కటే గడి. పై ఆఫీసుకు ఫోన్ చేస్తే, "ఏదో ఒకటి రాయండి" అన్నారు.

మరాఠీ మీడియం బడిలో వేద్దామా అని తల్లినడిగాను.

"వద్దు మేడం" అంది వచ్చీరాని తెలుగులో. "నేను మరాఠీల సదివిన. చెరుకు గొడుతున్న. నా బిడ్డకు ఇంగ్లీషే గావాలె."

సారు తల పట్టుకున్నడు. "నాకు మరాఠీ రాదు. పుస్తకంల ఒక పేజీ ఇంగ్లీషు, ఒక పేజీ తెలుగు. గీ పిల్లకు మూడో పేజీ నేనేడికెళ్లి తేవాలె?"

ఎవరి మాట తప్పు? ఫారంలో ముందు పెట్టిన టిక్కును మాత్రం గీత గీసి తీసేశాను. బడిలో రోజూ వాడే మరాఠీ మాటలు కొన్ని తెలుగు లిపిలో రాసిచ్చాను. సారు గొణుక్కుంటూనే బల్లకు అంటించుకున్నడు.

ఏడాది చివర మళ్లీ వెళ్లాను. వైశాలి పక్కపిల్లతో తెలుగులో కొట్లాడుతోంది. సంతోషపడేలోపే తల్లి ఎదురైంది.

"నేను మరాఠీల పిలుస్తే తెలుగుల జవాబిస్తది మేడం. గిది బాగైనట్టా, కానట్టా?"

ఆ ఏడాదితో నా పని తీరు మారింది. ఇప్పుడు ఫారం తెరవకముందే పిల్ల ఇంటికి పోతాను. ఆ పిల్ల ఎవరితోనైనా గొడవపడితే ఏ భాషలో పడుతుందో వినేదాకా అక్కడే కూర్చుంటాను.