గోడకెక్కిన చెక్క

గుడివాడలో చాలా ఏళ్లు సైన్‌బోర్డులు రాసి బతికాను. ఫ్లెక్సీలు వచ్చాక పనిని నేను మానలేదు, పనే నన్ను మానేసింది. అప్పటినుంచి చెక్క మీద బొమ్మలు చెక్కి, ఇంకు పూసి, కాగితం పరిచి, గరిటె వీపుతో రుద్ది అచ్చులు తీస్తున్నాను. ఎవరూ నేర్పలేదు. నేర్పమని అడిగితే, నేర్పేవాళ్లు నన్ను సర్టిఫికెట్ అడిగారు.

బొమ్మలు గీసుకోవడానికి నాగాయలంక చేపల మార్కెట్‌కి వెళ్లేవాణ్ణి. గీస్తున్నానని తెలిసినా అక్కడివాళ్లు బిగుసుకుపోరు. ఎండు మెత్తళ్లు అమ్మే ఒకామె మొహం నాకు నచ్చింది. ఎండా ఉప్పుగాలీ కలిసి ఆ మొహం మీద నాకంటే ముందే సగం పని చేసిపెట్టాయి. అడిగితే ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది.

“గీసుకోండి మావయ్యగారూ. గీసి అటక మీద పడేస్తానంటే మాత్రం వద్దు. నలుగురూ చూసేచోట పెట్టాలి.”

కారణం కూడా చెప్పింది. వాళ్ల కొత్త పడవని నీళ్లలోకి దింపిన రోజున కట్టిన ఫ్లెక్సీలో ఇంట్లో మగాళ్లందరి మొహాలూ వేశారట. ఇంజను బిగించిన మెకానిక్కుదీ వేశారట. ఆ పడవ కోసం ఏళ్ల తరబడి బుట్ట మోసిన ఈమెది వెయ్యలేదు. చోటు చాల్లేదన్నారట. ఫ్లెక్సీల మీద నాకు ముందునుంచీ ఉన్న కోపానికి ఇదొకటి తోడైంది. బందరులో బొమ్మల ప్రదర్శన ఉందనీ, అక్కడ గోడమీద పెట్టిస్తాననీ మాటిచ్చాను.

పాత టేకు తలుపు పలక మీద ఆమెని చెక్కాను. ముడతల్ని వదిలేసి వాటి చుట్టూ తవ్వాలి. వదిలినదే కాగితం మీద నల్లగా పడుతుంది. కళ్ల కింద ఉలి జారి ఒక ముడత తెగిపోయింది. ఆమె వయసు కొంచెం తగ్గింది. అది తప్ప అచ్చు బాగానే వచ్చింది. దారిలో ఒకటి నలిగినా ఇంకోటి ఉంటుందని రెండు కాగితాలు బందరు పట్టుకెళ్లాను. నేను చేసిన పొరపాటు అదే.

ప్రదర్శన పెట్టిన సంఘం కార్యదర్శి రెండింటినీ బల్లమీద పక్కపక్కన పరిచి చూశారు.

“ఒరిజినల్ ఏదండీ?”

“రెండూ ఒరిజినలేనండి.”

“రెండెలా అవుతాయండీ? ఒకటి ఒరిజినలైతే రెండోది జిరాక్సు.”

అటెస్టేషన్ ఉందేమోనని కాబోలు, వెనక్కి తిప్పి కూడా చూశారు. చెక్కని చెక్కేదే అచ్చు తియ్యడానికనీ, చేత్తో తీసిన ప్రతి కాగితమూ అసలుదేననీ వివరించాను. పక్కనే పెడనలో చెక్క అచ్చులతో అద్దిన దుప్పటిని ఎవరైనా జిరాక్సు అంటారా అని అడిగాను. అది గుడ్డ కదండీ, అన్నారాయన. అయితే ఆ చెక్కే ఒరిజినల్ అన్నమాట, అది తెస్తే రేపు తప్పకుండా పెడతాం అని చాలా మర్యాదగా చెప్పారు.

వండి పట్టుకెళ్తే, అన్నం వద్దు గిన్నె పెట్టమన్నట్టుంది. తిరుగు బస్సులో ఆయనతో మనసులోనే వాదించాను. పెడన దాటేసరికి నోరు మూయించాను. గుడ్లవల్లేరు దగ్గర ఆయన క్షమాపణ చెప్పారు. గుడివాడలో దిగేటప్పటికి బొమ్మలు మాత్రం ఇంకా నా సంచిలోనే ఉన్నాయి.

చెక్క ఇవ్వకూడదనుకున్నాను. ఇలా అలిగి వచ్చేసిన చోట్లు నా జీవితంలో చాలా ఉన్నాయి. నేను లేనని అక్కడెవరూ గమనించినట్టు లేదు. ఈసారి గమనించే మనిషి ఒకామె ఉంది. మర్నాడు తోటికోడల్ని వెంటబెట్టుకుని బందరు వస్తానని ముందే చెప్పింది. చెక్కని తువ్వాలులో చుట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను. సంఘంవాళ్లు దాన్ని గోడకి తగిలించి, కింద ‘చెక్క శిల్పం’ అని కార్డు పెట్టారు. నేను తువ్వాలు మడిచి, అచ్చులున్న సంచిలో పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి ఆమె పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఇంకు ఎండి నల్లబడ్డ ఆ చెక్క ముందు చాలాసేపు నిలబడింది. నేను సంచిలోంచి కాగితం తీసి, అసలు బొమ్మ ఇదమ్మా, అది పనిముట్టు, అని చెప్పబోయాను.

“అదీ నేనేలెండి. గోడమీదున్నది ఇది కదా,” అంది. చెక్క మీది తన చెంపని వేలితో తడిమింది.

కార్యదర్శి గబగబా వచ్చారు. “ముట్టుకోకూడదమ్మా.”

“నా మొహమేనండీ.”

ఆయన చెక్కని చూసి, ఆమెని చూసి, మళ్లీ చెక్కని చూశారు. ఏమనుకున్నారో, దాని పక్కనే ఆమెకి కుర్చీ వేయించారు. పొద్దుట్నుంచీ నిలబడి ఉన్న నాకు వేయించలేదు. వచ్చినవాళ్లు చెక్కనీ ఆమెనీ మార్చిమార్చి చూస్తుంటే, ఎవరూ అడక్కముందే ఆమె తన పేరూ ఊరూ చెప్పింది. పడవ తనదేనని కూడా చెప్పింది. కార్డు మీద నా పేరుని ఎవరూ చదివినట్టు లేదు. సాయంత్రం తోటికోడలు బస్సు సంగతి గుర్తుచేసింది.

“ఉండవే, ఇంకా జనం వస్తన్నారుగా,” అంది ఆమె, కొంగు సర్దుకుంటూ.