వరదయ్య చేతి తూకం

దుత్తలూరు చుట్టుపక్కల గొర్రెలున్న ఇళ్లలో వరదయ్య చెయ్యి తెలియనివాళ్లు లేరు. మనిషి సన్నం, మాట కరుకు, చెయ్యి మాత్రం మహా నిదానం. పొట్టేలు దగ్గరికి పోయి ఎడమ చెయ్యి నడుము మీద వేస్తాడు. కుడి చెయ్యి పొట్ట కింద పెట్టి జానెడు పైకి లేపుతాడు, దించుతాడు. "పదకొండు పడతాది" అంటాడు. ఇక అమ్మేవాడైనా కొనేవాడైనా ఆ మాట మీదనే బేరం మొదలుపెట్టుకోవాలి.

ఈ 'పడతాది' అన్న మాటను కాస్త విప్పి చెప్పుకోవాలి. బతికున్న జీవం మొత్తం ఎంత తూగుతుందో వరదయ్యకు అక్కర్లేదు. తల, తోలు, కాళ్లు, పేగులు పోను కూర ఎన్ని కిలోలు పడుతుందన్నదే ఆయన లెక్క. కొనేవాడికి కావాల్సింది కూర, తోలు కాదు గదా. నాయనతో మంద వెంట తిరిగే వయసులో పట్టుబడిన విద్య అది. పోగా పోగా ఆ తీసివేత ఆయన బుర్రలోంచి చేతిలోకి దిగిపోయింది. లెక్క కట్టేది ఆయన కాదు, చెయ్యే.

అయితే ఏం, ఆత్మకూరు సంతలోకి కరెంటు కాటా వచ్చింది. కూర అంగడి దస్తగిరి తెచ్చిపెట్టాడు. ఇన్నేళ్లూ "వరదన్నా, ఒక చెయ్యి వెయ్యి" అని చొక్కా పట్టుకుని లాక్కుపోయినవాడే ఇప్పుడు గొర్రెను ఇనప బోనులోకి తోసి, ఎర్రగా వెలిగే అంకె చూసుకుని, తోలూ తలా కింద సగానికి సగం కొట్టేసి బేరం చేసుకుంటున్నాడు. వరదయ్య ఎదురుగా కనిపిస్తే టీ మాత్రం తాగిస్తాడు. వరదయ్య ఆ టీ సగం తాగి పారబోస్తాడు. ఏ సంతకైనా పోతాడు, ఓ మూల నిలబడతాడు, ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తాడు, తిరిగొచ్చేస్తాడు. ఇంట్లో భార్య దేవకమ్మ అడిగితే గిరాకీ లేదంటాడు.

అలాంటి రోజుల్లో కూతురు నిరోష కువైట్ ప్రయాణం వచ్చింది. అల్లుడు పెంచలప్రసాద్ అక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. ఆ ఇంట్లోనే వంటమనిషి కావాలంటే నిరోష నేనొస్తానంది. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ ఏడవలేదు. ఏడవడానికి తీరిక లేదు కూడా, ఇల్లంతా సామానే.

విమానం టికెట్టు చవకగా దొరికింది. చవక టికెట్టుకు సామాను దగ్గర విమానం వాళ్ల చెయ్యి బిగుసుకుంటుంది. కింద వేసే పెట్టె ఇరవై మూడు కిలోలు, చేతిలో పట్టుకుపోయేది ఏడు, అంతే. ఆ పైన ప్రతి కిలోకీ డబ్బు. ఈ సంగతులన్నీ చెప్పింది ఆత్మకూరు ఎస్తేరమ్మ. కువైట్లో ఏళ్ల తరబడి పనిచేస్తూ, సెలవుకొచ్చి, అదే విమానంలో తిరిగి పోతోంది. సామాను విషయంలో ఎస్తేరమ్మకు తెలియని కిటుకు లేదు. ఒంటి మీద ఉన్నది తూకానికి రాదు కాబట్టి బరువైన బట్టలన్నీ తొడుక్కునే పోవాలంటుంది. కోటు జేబులు నింపుకోవాలంటుంది. పచ్చళ్లు చేతిసంచిలో పెడితే లాగేసుకుంటారు గనక వాటిని కిందికి, గుడ్డలు పైకి మార్చుకోవాలంటుంది. ఎక్కువ బరువు తప్పదనుకుంటే ఇంటి దగ్గరే ఫోన్లో కొనుక్కోవాలి, కౌంటరు దాకా పోయి కొంటే రెండింతలు గుంజుతారు. వీటన్నిటికీ ముందు చెయ్యాల్సింది, ఇంట్లోనే పెట్టె తూచుకోవడం.

"అన్నా, ఆత్మకూరు అంగట్లో కొక్కెం కాటా అమ్ముతా ఉండారు. పెట్టెకి తగిలించి ఎత్తితే అంకె చూపిస్తాది. నిరోషకి ఒకటి తీసియ్యి" అంది ఎస్తేరమ్మ.

కాటా అన్న మాట వినగానే వరదయ్యకు ఒళ్లు మండింది. సంతలో ఒక కాటా చాలదా, ఇంట్లోకి ఇంకోటా! నిరోష కూడా తెస్తే పోలా నాయనా అని ఓ మాట అనేసరికి ఇంకా మండింది.

"నా చెయ్యి ఉండగా నా కూతురి పెట్టెకి కాటా ఎందుకు? నేను చెప్తా, ఎంతో" అన్నాడు.

నిరోషకు తండ్రి సంత మూలన నిలబడి వస్తున్నాడని తెలుసు. పోనీలే, ఆయన మాటే చెల్లనీ అనుకుంది.

పెట్టె నిరోష అత్తగారింటి నుంచి, ఉదయగిరి నుంచి వచ్చింది. ఎప్పుడో ఎవరో గల్ఫు నుంచి తెచ్చిన పాతకాలపు గట్టి పెట్టె, అంచులకు ఇనప పట్టీలు. దానితో పాటే కువైట్ ఇంటి యజమానురాలికి ఇవ్వమని ఉదయగిరి చెక్క గరిటెలు ఒక కట్ట పంపారు. దేవకమ్మ గోంగూర పచ్చడి, కారప్పొడి, వేరుశనక్కాయలు, అప్పడాలు, అల్లుడికి ఇష్టమని నువ్వులుండలు సర్దింది. అన్నీ అయ్యాక వరదయ్య దూలం మీది కంబళి దించాడు. సొంత మంద ఉన్ని, మందంగా, నల్లగా ఉంటుంది.

ఎండ దేశానికి కంబళేంది నాయనా అని నిరోష నెత్తి కొట్టుకుంది. అక్కడ ఏసీ ఆడించేది యజమానులనీ, రాత్రిళ్లు వణికి చస్తున్నాననీ అల్లుడే ఫోన్లో చెప్పాడని వరదయ్య పట్టుబట్టాడు. దాని బరువుకు ఇంకో రెండు పచ్చళ్లు వస్తాయని దేవకమ్మ గొణిగింది. కంబళి పెట్టెలోకి పోయింది. వాదించడం కన్నా మోసుకుపోవడమే తేలికని నిరోషకు చిన్నప్పుడే తెలుసు.

పెట్టె మూసి, తాడు కట్టి, వసారాలో నిలబెట్టారు. వరదయ్య తువ్వాలు నడుముకు చుట్టి, పిడి పట్టుకుని, రెండో చెయ్యి అడుగున పెట్టి జానెడు లేపి దించాడు. "ఇరవై ఆరు పడతాది. తియ్" అన్నాడు. వేరుశనక్కాయలు తీశారు, ఒక చీర తీశారు. మళ్లీ ఎత్తాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఇరవై మూడు పడతాది" అన్నాడు. చాన్నాళ్లకు ఆయన మొహం వెలిగింది.

ఆ సాయంత్రమే ఊళ్లో నలుగురికీ చెప్పుకున్నాడు. ఎయిర్‌పోర్టులో కాటా ఇరవై మూడు చూపించగానే ఫోన్ చెయ్యమని కూతురితో ఒట్టు కూడా వేయించుకున్నాడు. పైకి పెట్టె గురించే గానీ, ఆయన తూకానికి పెట్టింది తన చేతినే. కూతురి పెట్టె దగ్గర చెయ్యి నిలబడితే సంతలోనూ తలెత్తుకుని నిలబడొచ్చు. లేకపోతే దస్తగిరి కాటాయే గెలిచినట్టు.

మర్నాడు ఆత్మకూరులో కారు మాట్లాడుకుని, ఎస్తేరమ్మను ఎక్కించుకుని మద్రాసు ఎయిర్‌పోర్టు చేరారు. నిరోష ఎస్తేరమ్మ చెప్పినట్టే రెండు చుడీదార్లు, పైన కోటు తొడుక్కుని చెమటలు కక్కుతోంది. ఉన్ని కత్తిరించని గొర్రెలా ఉన్నావని వరదయ్య ఆటపట్టించాడు. టికెట్టు లేనివాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి ఆయన కడ్డీల బయటే నిలబడిపోయాడు. చేతిలో ఫోన్, కళ్లు అద్దాల తలుపు మీద.

ఫోన్ మోగింది.

"నాయనా, ఇరవై తొమ్మిది చూపిస్తా ఉండాది."

వాళ్ల మిషన్ తప్పన్నాడు వరదయ్య, పక్కదాని మీద పెట్టి చూడమన్నాడు. పక్కదాని మీదా పెట్టి చూశామంది నిరోష. ఆరు కిలోలకు వాళ్లు అడిగిన డబ్బుకు ఓ మేకపిల్ల వస్తుంది. కట్టలేకపోతే తీసి పక్కన పెట్టమంటున్నారు, వెనక జనం తోస్తున్నారు, ఏం తియ్యాలి, పచ్చళ్లా, గరిటెలా, కంబళా అని అడిగింది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని వరదయ్యకు అనిపించింది.

ఆయన తన కుడిచేతి వంక చూసుకున్నాడు. సిగ్గేసింది. అరకిలో అటో ఇటో అయితే చెయ్యి ముసలిదైందనుకోవచ్చు. ఆరు కిలోలంటే చెయ్యి పోయినట్టే. ఇన్నేళ్లలో ఏ పొట్టేలు దగ్గరా అంత తేడా రాలేదు. వసారాలో పెట్టె ఎత్తిన క్షణాన్ని మళ్లీ తలుచుకున్నాడు. పిడి పట్టాడు, అడుగున చెయ్యి పెట్టాడు, లేపాడు. పడతాది, అన్నాడు. ఏం పడతాది?

అప్పుడు తెలిసింది ఆయనకు.

"అమ్మా, ఆ ఖాళీ పెట్టె ఎంత ఉంటాది?"

"ఏమో నాయనా. ఆరు దాకా ఉంటాదని ఎస్తేరక్క అంటా ఉండాది."

వరదయ్య గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. నేను తోలు తీసేసి చెప్పినాను."

నిరోష గొర్రెల ఇంట్లో పుట్టిన పిల్ల, విడమరిచి చెప్పక్కర్లేదు. నవ్వు మొదలైంది. వెనక జనం, కౌంటర్లో పిల్ల, ఎస్తేరమ్మ, అందరూ ఈమెకేమైందని చూస్తుంటే నవ్వుతూనే ఉంది.

"సరే నాయనా. అయితే తోలు తీసేస్తా" అంది.

తీసేసింది. వరసలోంచి పక్కకు జరిగి, నేల మీద కంబళి పరిచి, పెట్టెలోని సామానంతా దాని మీద పోసింది. పచ్చడి డబ్బాలు మధ్యన, వాటి చుట్టూ బట్టలు, గరిటెలు పక్కన. ఎదురుబొదురు కొసలు ముడేసి, పెట్టెకు కట్టిన తాడుతోనే మూట బిగించింది. ప్లాస్టిక్ చుట్టేవాడు దగ్గరికొస్తే, దానికీ డబ్బులేనని ఎస్తేరమ్మ తరిమేసింది. కౌంటర్లో పిల్ల ఆ నల్లమూటను కాసేపు అనుమానంగా చూసి, చిరిగితే మాకు సంబంధం లేదని సంతకం పెట్టించుకుంది. కాటా మీద ఇరవై మూడున్నర. అరకిలో పోనీలే అని వదిలేసింది.

నిరోష ఖాళీ పెట్టె మోసుకుని తలుపు దాకా వచ్చింది. కాపలా ఆయన్ని బతిమాలి కడ్డీల మీదుగా అందించింది. టైం లేదు. ఇరవై మూడున్నర అని చెప్పింది. ఆ అర తాడుదంటూ వరదయ్య ఒప్పుకోలేదు. కూతురు కళ్లు తుడుచుకుంటూ నవ్వింది, ఆయన చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని నొక్కింది, లోపలికి పోయింది.

వరదయ్య బస్సులో తిరిగొచ్చాడు. పెట్టె పెట్టడానికి చోటు లేక ఒళ్లో పెట్టుకున్నాడు. లోపలేముందని కండక్టరు అడిగితే ఏమీ లేదన్నాడు. ఏమీ లేనిదాన్ని ఇంత జాగ్రత్తగా పట్టుకున్నావేమయ్యా అని ఆయన వెళ్లిపోయాడు. నెల్లూరు దాటాక వరదయ్యకు కూతురు బాగా గుర్తొచ్చింది. దిగులేసింది. ఎవరూ చూడకుండా ఆ పెట్టెను ఒళ్లోంచి ఓ అంగుళం లేపి దించాడు. సరిగ్గా ఆరే. పుట్టి బుద్ధెరిగాక ఆయన వట్టి తోలు తూచింది అదే మొదటిసారి.

తర్వాతి సంతలో దస్తగిరి బోను దగ్గర కరెంటు పోయింది. కాటా అంకె ఆరిపోయింది. అటూ ఇటూ చూసి, మూలనున్న వరదయ్య దగ్గరికొచ్చి, మొహమాటపడుతూనే ఓ పొట్టేలును చూపించి ఎంత పడతాదన్నా అని అడిగాడు.

వరదయ్య లేచాడు. ఎడమ చెయ్యి నడుము మీద, కుడి చెయ్యి పొట్ట కింద పెట్టి, జానెడు లేపి దించాడు. నోటి దాకా వచ్చిన అంకెను ఆపుకున్నాడు.

"తోలుతో అడుగుతా ఉండావా, తోలు లేకుండానా?" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయన అడగని మాట అది.