బాపమ్మ గేము

మా హుజూరాబాద్ గల్లీలో ఆ కాలంలో వస్తువులకు కంపెనీ పేర్లుంటాయన్న సంగతిని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. గల్ఫు నుంచి ఎవరింటికి ఏది వస్తే దానికి వాళ్ల పేరే. పటేలమ్మ మిక్సీ, సారు టేప్‌రికార్డరు, అలా. కాబట్టి పేరు పడితే చాలు, వస్తువు మనదైపోయినట్టేనని ఎనిమిదో తరగతిలో నేనొక సూత్రం కనిపెట్టాను. (సారు టేప్‌రికార్డరు ఎప్పుడూ ఆయన బావమరిది ఇంట్లోనే మోగేది. ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు.)

మస్కట్‌లో పనిచేసే మా మేనత్త కొడుకు సెలవుకొచ్చినప్పుడు అరచేతిలో పట్టే వీడియోగేము ఒకటి తెచ్చాడు. పైనుంచి ఇటుకలు పడుతుంటే సందు లేకుండా పేర్చాలి. "ఇద్దరు ఆడుకోన్రి" అని నాకూ, మా చిన్నబాపు కొడుకు బక్కోడికీ మధ్యన పెట్టి ఆయన విమానమెక్కేశాడు. అది ఎవరిదో చెప్పలేదు. దాని మీద ఇంగ్లీషులో బారెడు పేరుంది, నేను చదివి వినిపించాను కూడా, కానీ గల్లీలో ఎవరికీ నోరు తిరగలేదు. ఇక మాకు పంతం మొదలైంది. నా పేరు పెట్టి పిలిచినవాళ్లకే ఆట అన్నాను నేను. బక్కోడు అదే మాట మీద పల్లిపట్టీ కూడా పంచాడు. పిల్లలు గడుసువాళ్లు, నా ముందు నాదన్నారు, వాడి ముందు వాడిదన్నారు, ఇద్దరి దగ్గరా ఆడుకున్నారు.

అది నాదే కావాలని నాకెంత ఉండేదంటే, నిద్రలో కూడా ఇటుకలే పడేవి. ఇంతలో సెల్లులు అయిపోయి గేము ఆగిపోయింది.

"నీదంటివి గదా, నువ్వే కొనుక్కరా," అన్నాడు బక్కోడు.

"నిన్నటిదాంక నీదంటివి, నువ్వే కొను," అన్నాను నేను.

కొనే మాట వచ్చేసరికి ఇద్దరికీ ఎక్కడలేని ఔదార్యం పుట్టుకొచ్చింది. గేము అలాగే గూట్లో పడి ఉంది. మా బాపమ్మ, అంటే మా ఇద్దరికీ నాయనమ్మ, చూసి చూసి, కొంగుముడి విప్పుకొని తానే దుకాణానికి పోయింది. "ఇద్దరు మొగపోరలున్నరు, గిన్ని సెల్లులు తెచ్చుడు చాతగాలే" అంటూ వచ్చి, ఎట్లా ఆడాలో మా చేతనే చెప్పించుకుంది.

రెండ్రోజుల్లో మా అరుగు మీద బీడీలు చుట్టే అమ్మలక్కలందరికీ అది బాపమ్మ గేము అయిపోయింది. ఆట మాత్రం ఆమెకు చివరిదాకా రాలేదు. ఇటుకలు ఎట్లా పడితే అట్లా పడనిచ్చేది. మేమిద్దరం పంతం మరిచి ఎదురుగా కూర్చుని "బాపమ్మా, జర ఇయ్యవా" అంటే, "ఉండుండ్రి బిడ్డా, గిదొక్కటి కూలనియ్యిండ్రి" అనేది.

బాపమ్మ పోయి చాలా ఏండ్లయింది. ఆ మధ్య బక్కోడు మా ఇంటికొచ్చినప్పుడు బీరువాలో ఆ గేమును చూసి, చేతిలోకి తీసుకుని, "నీదేలేరా, ఉంచుకో" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఒకప్పుడు గల్లీ అంతా తిరిగినవాణ్ని. వాడు అంత తేలిగ్గా ఇచ్చేస్తే నాకు నచ్చలేదు.

"బాపమ్మదిరా," అన్నాను.

వాడు తలూపి, దాన్ని మెల్లగా ఎక్కడిదక్కడ పెట్టేశాడు.