నాకంటే ముందు బయల్దేరిన సంచి

మా ఇంట్లో నేను గడియ వేసుకోగలిగిన తలుపు ఒక్కటీ లేదు. చీపురుపల్లిలో మేముండేది పొడుగాటి ఇల్లు. వీధి అరుగు, ముందు గది, మా పడగ్గది, వంటిల్లు, పెరడు, అన్నీ ఒకే వరస. ముందు గదిలోంచి ఎవరు పెరట్లోకి పోవాలన్నా మా పడగ్గదిలోంచే పోవాలి. ఆ తలుపుకి గడియ ఉంది కానీ, ఏటేటా రంగు వేసి వేసి అది బిగుసుకుపోయింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నేను దాన్ని కదిపిన గుర్తు లేదు.

మా ఆయన నాకు సొంత మేనత్త కొడుకు. అంటే మా అత్త మా నాన్నకి అక్క. అత్తింటి మీద కోపమొస్తే పుట్టింటికి పోయే సౌకర్యం అందరు ఆడవాళ్ళకీ ఉంటుంది. నాకు రెండుచోట్లా ఒకటే పంచాయితీ. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అలిగి వెళ్తే, నేను బస్సు దిగేలోపే అత్త ఫోన్ చేసి తమ్ముడికి అంతా చెప్పేసింది. మా నాన్న నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా తిరుగు బస్సు టైము చెప్పాడు. ఆ తర్వాత మళ్ళీ అలగలేదు.

రెండేళ్ళ క్రితం రెండో శనివారం, ఆదివారం, సోమవారం పండగ కలిసి మూడు రోజుల సెలవు వచ్చింది. నేను దగ్గరి పల్లెలో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. నలభై నాలుగేళ్ళొచ్చినా విశాఖపట్నం దాటి ఎరగను. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో ఉన్నారు, మా ఆయన గుమస్తాగా చేసే రైసుమిల్లుకి ధాన్యం వచ్చే రోజులు. ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ, ‘హైదరాబాదు చూసొస్తాను బావా’ అన్నాను. ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా ‘ఎల్లు, బాగుంటాది’ అన్నాడు. నమ్మలేక ఇంకోసారి అడిగాను. ఇంకోసారీ అదే అన్నాడు.

నిజానికి హైదరాబాదు నాకొక వంక. చార్మినార్ చూడకపోతే నాకేమీ లోటు లేదు. శనివారం రాత్రికి ఒక లాడ్జిలో గది తీసుకున్నాను, ఎవరికీ చెప్పకుండా, స్కూల్లో మధ్యాహ్న భోజనం గంటలో, ఫోన్లో. ఆ గది ఫొటో రోజుకి నాలుగైదుసార్లు చూసుకునేదాన్ని. ఒక మంచం, ఒక కిటికీ, ఒక తలుపు, దానికి మెరిసే గడియ. ఆ గడియ వేసుకుని, ఎవరూ పిలవకుండా, ఎవరికీ టీ పెట్టకుండా ఒక్క పొద్దు. అంతే నాకు కావలసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉండేది, అందుకే చెప్పలేదు.

పాత లెసన్‌ప్లాను నోటుబుక్కులో గళ్ళు గీసి మూడు రోజుల టైంటేబులు రాసుకున్నాను. మెట్రో ఎక్కడం, మ్యూజియం, సాయంత్రం చెరువుగట్టు. శనివారం రాత్రి గడిని మాత్రం ఖాళీగా ఉంచాను.

తప్పు ఎక్కడ చేశానంటే, కుళాయి దగ్గర ఎదురింటామెతో ఈ మాట అన్నాను. మా వీధిలో ఒకరు హైదరాబాదు వెళ్తున్నారంటే వెళ్ళేది వాళ్ళొక్కరే కాదు, వీధంతా వాళ్ళ చేతిలో వెళ్తుంది. మర్నాటికి మూడిళ్ళవాళ్ళు వచ్చారు. మియాపూర్లో ఉన్న కొడుక్కి చోడిపిండి, ఉప్పల్లో కూతురికి ఎండుచేపలు, ఎల్బీనగర్లో చిన్నాన్నకి కొత్త బెల్లం. పార్సిలు ఇచ్చి ఊరుకుంటే ఒక రకం. ‘ఇంటికెల్లి ఇచ్చెయ్యి, రెండు ముద్దలు తినకపోతే ఆళ్ళు బాధపడతారు’ అని ప్రతివాళ్ళూ చెప్పారు. పైగా కూకట్‌పల్లిలో మా బావగారి, అంటే మా ఆయన అన్నగారి ఇల్లుంది. బస అక్కడేనని అందరూ అనేసుకున్నారు. అయినవాళ్ళిల్లు ఉండగా లాడ్జిలో దిగడమంటే మావైపు ఆ ఇంటి గుమ్మం మీద ఉమ్మినట్టే లెక్క.

నేను టైంటేబులు చెరిపి మళ్ళీ రాశాను. మెట్రో పోయి మియాపూర్ వచ్చింది. మ్యూజియం పోయి ఉప్పల్ వచ్చింది. చెరువుగట్టు మీద ఎల్బీనగర్ కూర్చుంది. రబ్బరుతో రుద్దీ రుద్దీ కాగితం చిల్లు పడింది. పిల్లలు ఇలా చేస్తే చెవి మెలిపెట్టేదాన్ని. చివరికి ఆ ఖాళీ గడి ఒక్కటే మిగిలింది. అందులో కూడా మా అత్త ‘కూకట్‌పల్లి’ అని రాయించబోయింది. పెన్సిలు ముల్లు విరిగిపోయిందని అబద్ధమాడాను.

అప్పుడే అత్తకి ఇంకో సంగతి తట్టింది. నేను బయల్దేరేది శుక్రవారం మధ్యాహ్నం.

‘శుక్రవారం పడమర శూల. పైగా కోడలు గడప దాటే రోజేటది?’ అంది.

‘టికెట్టు అయిపోయిందత్తా.’

‘టికెట్టు సంగతి నాకెందుకు? గురువారం పొద్దున్న మంచిది. పరస్థానం పెట్టేద్దుము.’

పరస్థానమంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. ప్రయాణం రోజు మంచిది కాకపోతే ముందే ఒక మంచి వేళ చూసి, సామాను తీసుకెళ్ళి వేరే వాళ్ళింట్లో పెడతారు. దానితో మనిషి బయల్దేరినట్టే లెక్క. తర్వాత ఏ రోజు కదిలినా దోషం లేదు. కాకపోతే ఆ సామాను మళ్ళీ మన గడప లోపలికి రాకూడదు. వెళ్ళేటప్పుడు అక్కణ్ణుంచే తీసుకోవాలి.

గురువారం పొద్దున్న ఏడింటికి నా బట్టల సంచి, వీధివాళ్ళ పార్సిళ్ళ సంచి రెండూ ఎదురింటికి చేర్చాం. అత్త గుమ్మంలో నిలబడి పసుపునీళ్ళు జల్లి, ‘ఎల్లిరా తల్లీ’ అంది, సంచితో. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. సంచికి దొరికిన పాటి వీడ్కోలు నాకెప్పుడూ దొరకలేదు.

శుక్రవారం ఒంటిపూట సెలవు పెట్టి ఇంటికొచ్చేసరికి ఎదురింటికి తాళం కప్ప వేలాడుతోంది. పాతపట్నంలో ఉన్న వాళ్ళమ్మాయికి నెల తక్కువలోనే నొప్పులొచ్చాయట, మొగుడూ పెళ్ళాలు పొద్దున్నే పరిగెత్తారట. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పురుటాసుపత్రిలో ఎవరెత్తుతారు?

‘తాళంచెవి అట్టుకెలిపోనారు’ అంది అత్త, అరుగు మీద కూర్చుని.

కిటికీ చువ్వల్లోంచి నా సంచి కనిపిస్తోంది, నీలం రంగుది. నాలుగడుగుల దూరం. నేను చువ్వలు పట్టుకుని నిలబడ్డాను. దారినపోయే వాళ్ళకి ఇంట్లో ఉన్నది సంచో, నేనో తెలిసేది కాదు.

‘తాళం పగలగొడదాం. కొత్తది కొనిచ్చేస్తాను’ అన్నాను.

‘పురిటి కబురు కోసం సూస్తన్న ఇంటికి తాళం పగలగొడతావేటి? బుర్రుందేటి నీకు?’

అది నిజమే. నాకూ చేతులు రాలేదు. లోపలికొచ్చి స్నానాలగదిలో కుళాయి విప్పుకుని ఏడ్చాను. పెరట్లో రేకులగది అది. దానికీ గడియ లేదు, బకెట్టు అడ్డం పెట్టుకోవాలి. ఏడుస్తుంటే బయట అత్త గొంతు. ‘ఆగిపోయీ ఇంక. సేతులూపుకుంటా ఎవలింటికెల్తావు? నలుగురూ నవ్వుతారు.’

బకెట్టు తన్నేసి బయటికొచ్చాను.

‘ఎవలింటికీ ఎల్లనత్తా. లాడ్జిలో గది తీసుకున్నాను.’

ఇరవై ఏళ్ళ మంచితనం ఒక్క మాటతో పోయిందని నాకు తెలుసు.

‘అయినవాల్లుండగా లాడ్జీయా? అడుగు బయటెట్టు, సూస్తాను’ అంది అత్త.

‘నేను నిన్ననే బయల్దేరిపోయానత్తా. పసుపునీళ్ళు జల్లి నువ్వే పంపించావు. ఎల్లిపోయినదాన్ని ఎలాగ ఆపుతావు?’

నేను చేతిసంచిలో ఒక చీర, తువ్వాలు, పళ్ళబ్రష్షు కుక్కుకుని, కట్టిన చీరతోనే మూడింటి పాసింజరు ఎక్కి విజయనగరం వెళ్ళిపోయాను. అక్కడ హైదరాబాదు బండి ఎక్కాక కూడా, ప్రతి స్టేషన్లోనూ ఎవరో వచ్చి దింపేస్తారనే అనిపించింది.

మంగళవారం తెల్లారి తిరిగొచ్చాను. ఎదురింటికి ఇంకా తాళమే. వీధి మొదట్లోకే ఎండుచేపల వాసన కొడుతోంది. మా ఆయన మిల్లుకి వెళ్ళిపోయాడు. అత్త అరుగు మీదుంది. నన్ను చూసి బొడ్డులోంచి తాళంచెవి తీసి ముందు పెట్టింది.

‘ఆ సంచులు తెచ్చీ. వాసన బరించలేకపోతన్నాం’ అంది.

తాళంచెవి వైపు చూశాను. ‘నీకాడే ఉందా?’

‘ఉన్నాది. ఆల్లు నాకే ఇచ్చెల్లారు.’

‘మరి శుక్రవారం?’

‘ఆగిపోతావనుకున్నాను’ అంది. దాచలేదు, తల దించుకోలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అనవలసినవన్నీ నోటిదాకా వచ్చాయి. ఈలోగా అత్త కొంచెం జరిగి, అరుగు మీద నాకు చోటిచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి. పదహారో ఏట ఈ ఇంటికొచ్చింది. నేను రాకముందు ఆ పడగ్గది ఆవిడదే.

‘ఏటి సూసావక్కడ?’ అంది.

‘ఏటీ సూడలేదు. గదిలో పడుకున్నాను. పొద్దున్న ఎనిమిదింటికి లేచాను. ఎవలూ పిలవలేదు.’

వీధిలో పాలవాడు వెళ్ళిపోయాడు.

‘గడియేసుకున్నావా?’ అంది.

‘ఏసుకున్నాను.’

‘లోపల్నుంచేనా?’

‘లోపల్నుంచే అత్తా.’