నాలుగో మూల రాయి

దసరాకు వారం ముందు ఇంట్లో ఎన్ని పనులున్నా సరే, డెబ్బై మూడేళ్ల అంతయ్య బకెట్లో సున్నం కలుపుకొని, కుంచె పట్టుకొని ఊరి బయటి మైదానానికి బయల్దేరాల్సిందే. ఆదిలాబాద్ పక్కనున్న ఆ మైదానంలో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యం విమానాలు దిగేవి. పైలట్లకు అంచులు కనపడాలని చుట్టూ రాళ్లు పాతించి, వాటికి సున్నం వేసే పనికి అంతయ్య తండ్రి పరశురాములును పెట్టుకున్నారు. యుద్ధం ముగిసింది, దొరలు వెళ్లిపోయారు. పోతూ పోతూ సున్నం ఆపమని చెప్పడం మాత్రం మరిచారు. పరశురాములు ఆపలేదు. ఆయన పోయాక కొడుకు కుంచె అందుకున్నాడు.

"అంతన్నా, విమానం ఎన్నింటికే?" అని ఊళ్లో ఆటపట్టించేవాళ్లు.

"లేటట. నువ్వైతే టికెట్ తీస్కో," అనేవాడు అంతయ్య, కుంచె ఆపకుండా.

ఈ ఏడు నవ్వులాటగా లేదు. మైదానాన్ని చదును చేసి గోదాము కడతారని తెలిసింది. అప్పటి దీపాలు, నూనె డబ్బాలు ఏరి బడిలో ఓ గది నింపిన టీచరు మమతారాణి ఊరుకోలేదు. అర్జీ పెట్టింది. దాంతో లింగమూర్తి అనే అధికారి పాత నక్షా పట్టుకొని వచ్చాడు. నాలుగు మూలల హద్దులు నక్షాతో సరిపోతే, అది పాత విమానాల మైదానమని రాసుకొని ముట్టుకోరు. మూడు మూలల రాళ్లు దొరికాయి. నాలుగోది లేదు.

"అది తేలకుంటే నేనేం చెయ్యలేనమ్మా," అన్నాడు లింగమూర్తి.

ఆ రాయి ఎక్కడుందో అంతయ్యకు తెలుసు. నలభై ఏళ్ల కింద భార్య గంగుబాయి బట్టలుతకడానికి బండ కావాలని పోరు పెడితే, ఎడ్లబండి మీద తెచ్చి పెరట్లో వేసింది తనే. కాపలా మనిషే దొంగ! చెబితే ఊరంతా నవ్వుతుంది. చెప్పకపోతే బాపు పరశురాములు మైదానం పోతుంది.

"సార్, గా రాయి మా ఇంట్లనే ఉన్నది. నేనే తీస్కపోయిన."

ఎవరూ నవ్వలేదు. "ఎక్కడ నుంచి తీసినవ్? జాగా ఎట్ల నమ్మాలె?" అన్నాడు లింగమూర్తి.

అంతయ్య పార తెచ్చి నాలుగో మూలన గడ్డి చెక్కాడు. కింద తెల్లగా, రొట్టె మందాన సున్నం పేరుకొని ఉంది.

"రాయి తీసిన గని, బాపు పని ఎట్ల ఇడుస్త సార్? ఏటేటా ఉత్త నేలకే ఏసిన."

లింగమూర్తి నక్షా పరిచి కొలిపించాడు. సరిగ్గా సరిపోయింది. మమతారాణి కళ్లలో నీళ్లు తిరిగాయి.

బండ తీయడానికి ఇంటికి వెళ్తే గంగుబాయి నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది. "గిది విమానాలదని ఒక్కనాడన్న చెప్పినవా?"

"చెప్తే వాపస్ పెట్టి రమ్మంటుంటివి."

"అంటుంటి మరి!"

అయినా బండను వట్టిగా పంపలేదు. నాలుగు బిందెల నీళ్లు పోసి తోమింది, తనూ వెంట వచ్చింది.

రాయి పాత చోట నిలబడ్డాక మమతారాణి అడిగింది. "గీ కుంచె మా గదికి ఇస్తవా తాతా?"

అంతయ్య నోరు తెరిచేలోగా గంగుబాయి ఆయన చేతిలోంచి కుంచె లాక్కొని సున్నంలో ముంచింది.

"కుంచెకు ఇంక పనున్నది టీచరమ్మా. గీ రాయి నాది, ఏటేటా నేనే ఏస్త."