అద్దం చాటు ఎండ

మా అత్తయ్య స్నానాలగదిలో జారి కూలబడ్డ రోజు నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను. మీటింగు మధ్యలో "ఓ పిల్లా!" అని కేక. పరుగెత్తాను. దెబ్బేమీ తగల్లేదు, లేవలేకపోతోందంతే. చంకల కింద చేతులు వేసి లాగాను. లేవలేదు. ఇంకోసారి లాగితే నేనే ఆవిడ పక్కన చతికిలబడ్డాను. కుళాయి పట్టుకుని ఎలాగో లేచి, ఎదురు ఫ్లాటావిణ్ణి పిలుచుకొచ్చాను. ఆవిడ ఒక్క ఊపులో లేపేసింది.

"నన్నేం లేపుతవ్ తల్లీ, నిన్ను లేపనీకే ఇంకొకరు కావాలె" అంది అత్తయ్య తల తుడుచుకుంటూ. మొయినాబాద్ దగ్గర పల్లెలో ముప్పై ఏళ్లు కూరగాయల గంపలు నెత్తిన మోసిన మనిషి. నలభై రెండేళ్ల నేను మాట పడాల్సిందే.

నవ్వేశాను గానీ, మర్నాటి నుంచి ఆవిడ స్నానం వేళ మారిపోయింది. వాళ్లబ్బాయి ఆఫీసుకు బయల్దేరకముందే కానిచ్చేసేది. అతను తొందరగా వెళ్లిపోతే సాయంత్రం తిరిగొచ్చేదాకా స్నానమే లేదు. నేను ఇంట్లోనే ఉన్నా సరే! ఒళ్లు మండింది నాకు. ఒళ్లు మండడం ఏమిట్లెండి, ఏడుపొచ్చింది.

ఇద్దరం డాక్టరమ్మ దగ్గరకు వెళ్లి పరీక్షకు రక్తం ఇచ్చాం. విటమిన్ డి ఇద్దరికీ అడుగంటింది. అది బాగా తగ్గితే తొడ కండరాలు నీరసపడతాయట, కూర్చుని లేవడమే కష్టమవుతుందట. నాకంటే అత్తయ్యకే తక్కువ! ఎండలో పుట్టి పెరిగిన మనిషిని నల్లగండ్లలో ఆరో అంతస్తుకు తెచ్చి, ఏసీ వేసి, కర్టెన్లు దించి, సుఖపెడుతున్నామనుకున్నాం ఇన్నేళ్లూ. సిగ్గేసింది.

వారానికో మాత్ర, రోజూ కాస్త ఎండ, కాస్త కూర్చుని లేవడం అంది డాక్టరమ్మ. మాత్ర సులువు. లేవడం రేపట్నుంచి. ఎండను మాత్రం గట్టిగా పట్టుకున్నాను. హైటెక్ సిటీలో మా ఆఫీసు తొమ్మిదో అంతస్తు, చుట్టూ అద్దాలే. మధ్యాహ్నం కాగానే లాప్‌టాప్‌తో వెళ్లి అద్దానికి ఆనుకుని కూర్చునేదాన్ని. మా టీమ్ పిల్లలు నాకు 'అప్పడం' అని పేరు పెట్టారు. ఇంట్లో అత్తయ్యనీ అద్దాలు బిగించిన బాల్కనీలో కూర్చోబెట్టాను. నెలన్నర గడిచింది. చెమట పట్టింది తప్ప ఏమీ కాలేదు.

"అద్దంలోంచా?" డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "వెలుగొస్తుంది, వేడొస్తుంది. మీక్కావలసిన కిరణాన్ని అద్దమే మింగేస్తుందండీ. పైగా కండకు పని చెప్పకుండా మాత్ర ఒక్కటే ఏం చేస్తుంది?"

అత్తయ్య ఆటో ఎక్కేదాకా ఆగింది. "గింత సదువు సదివినవ్. జర బయటికి పోయి నిలవడాలె అని తెల్వదా?"

"మరి మీరెందుకు చెప్పలేదండీ?"

"నాకేం ఎరుక? నువ్వు కూసోవెట్టినవ్, కూసున్న."

ఇక వడియాల వంకతో టెర్రస్ ఎక్కాం. టెర్రస్ మీద ఏమీ ఎండబెట్టకూడదని అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. 'మేం ఎండుతున్నాం, పర్లేదా?' అని జవాబిచ్చాను. ఆవిడ కుర్చీలోంచి, నేను చాప మీంచి, రోజూ పదేసి సార్లు లేచేవాళ్లం. లెక్క ఆవిడదే. నావంతు వచ్చేసరికి ఏడు తర్వాత మళ్లీ ఆరు అనేది, కావాలనే.

మూడు నెలలకు ఒకరోజు తనే చాప మీద కూర్చుని చెయ్యి చాపింది. "ఏదీ, లేపు."

లేపాను! గంతేశాను.

"ఆగు, ఆగు. సగం బలం నాదే. నా రెండో చెయ్యి కింద ఆనిచ్చిన, సూడలే నువ్వు."

మళ్లీ కూర్చుంది. ఈసారి రెండు చేతులూ నాకే ఇచ్చి బరువంతా వదిలేసింది. నా తొడలు లాగేశాయి, చెమట కంట్లోకి కారింది, కానీ ఇద్దరం నిలబడ్డాం. "ఊఁ" అంది, అంతే. మెచ్చుకోవడం ఆవిడ ఇంటా వంటా లేదు.

మర్నాడు నాకు ఇంటి నుంచే పని. వాళ్లబ్బాయి తొమ్మిదికల్లా వెళ్లిపోయాడు. పదకొండింటికి నేను మీటింగులో ఉండగా స్నానాలగదిలో బకెట్లోకి నీళ్లు పడుతున్న చప్పుడు. మైకు ఆపేసి వింటూ కూర్చున్నాను.